నీలి మీట: మూడు చిరునామాల చరిత్ర

అమెరికాలో రోగి తన వైద్యచరిత్ర తెప్పించుకోవాలంటే చాలాకాలం పాటు కాగితాల కట్ట కోసం దరఖాస్తు పెట్టుకోవలసివచ్చేది. 2010లో మాజీ సైనికుల శాఖ తన వెబ్‌సైటులో ఒక నీలి మీట అమర్చింది. బ్లూ బటన్ అన్న పేరు దానిదే. నొక్కితే వివరాలన్నీ సాదా టెక్స్ట్ ఫైలుగా దిగేవి. మనిషి చదువుకోవచ్చు, మరొక ప్రోగ్రాముకు మాత్రం అది పెద్దగా ఉపయోగపడదు.

ఆ కొరత తీర్చడానికే మెడికేర్‌ను నిర్వహించే కేంద్ర సంస్థ 2018 మార్చిలో బ్లూ బటన్ 2.0ను ప్రకటించింది. ఇది మీట కాదు, ఏపీఐ. లబ్ధిదారు అనుమతిస్తే, ఆయన ఎంచుకొన్న యాప్ నేరుగా క్లెయిముల సమాచారం తీసుకొంటుంది. దీని వెబ్ సర్వరును పైథాన్‌లో, జాంగో ఆధారంగా రాశారు. జాంగో పుట్టినది కాన్సాస్‌లోని లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రికలో. పత్రిక గడువులకు తట్టుకోలేక 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దానిని మొదలుపెట్టారు.

ఆ తొందర జాంగో కట్టుబడిలో ఇప్పటికీ కనిపిస్తుంది. కొత్త ఎండ్‌పాయింట్ చేర్చాలంటే యూఆర్ఎల్‌ల పట్టికలో ఒక చిరునామా, ఆ చిరునామాకు వచ్చిన అభ్యర్థనకు జేసన్ రూపంలో బదులిచ్చే ఒక ఫంక్షను ఉంటే చాలు. బ్లూ బటన్‌లో ముఖ్యమైన చిరునామాలు మూడు: పేషెంట్, కవరేజ్, ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్. చిక్కంతా అడుగుతున్నది ఎవరి తరఫునో తేల్చుకోవడంలోనే ఉంది.

2019 డిసెంబరులో ఒక యాప్ నిర్మాతలు సమాచారంలో తేడా గమనించి తెలియజేశారు. సంస్థ వెంటనే ఏపీఐని నిలిపివేసింది. ప్రతి లబ్ధిదారుకూ గుర్తుగా ఉండవలసిన 128 బిట్ల సంఖ్యను బ్లూ బటన్ కోడ్ 96 బిట్లకు కత్తిరిస్తున్నదని విచారణలో తేలింది. 96 బిట్లు నిజానికి తక్కువేమీ కావు. కత్తిరించగా మిగిలినదానిలో చాలినంత యాదృచ్ఛికత లేకపోవడం వల్ల వేర్వేరు వ్యక్తులకు ఒకే సంఖ్య పడింది. ఒకరి క్లెయిములు మరొకరికి కనబడే ప్రమాదం ఏర్పడింది. దీని పరిధిలోకి వచ్చినది 10,000 లోపు లబ్ధిదారులు, 30 యాప్‌లు.

మెడికేర్ లబ్ధిదారుల సంఖ్య కోట్లలో ఉంటుంది కనుక ఇది స్వల్పమనిపించవచ్చు. కాని రక్తమెక్కించే ముందు నర్సు పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా అడిగేది ఇలాంటి అరుదైన పొరపాటు కోసమే. పొరుగు పడక రోగి రిపోర్టు చూసి మందు రాసిన వైద్యుడికి ఆ పొరపాటు ఎంత అరుదైనదో చెప్పి ప్రయోజనం లేదు.

ఆ కోడ్ చేరినది 2018 జనవరి 11న. అప్పట్లో సమగ్ర సమీక్ష జరగలేదని సంస్థే బహిరంగంగా ఒప్పుకొంది. అంటే ఆ లోపం బయటపడేసరికి దాదాపు 23 నెలలు గడిచాయి.

ఆ తరువాత బ్లూ బటన్‌కు రెండవ వెర్షను వచ్చింది. చిరునామాలలో వి1 ఉన్నచోట వి2 చేరింది. మూడు పేర్లూ మాత్రం అవే.