తల్లీ బిడ్డా ఒక్కచోటే



మా నరసన్నపేటలో బాలింత గది అంటే గుమ్మంలో నిప్పులు, తలగడ కింద ఇనపముక్క, చెవుల్లో దూది. గాలి సోకకూడదని మన పెద్దవాళ్ల భయం. అంత కాచుకున్నా ఒక్కోసారి బాలింతకు నిద్ర పట్టక, మాట తప్పి, "ఈ గుంట ఎవరిది?" అని కన్నబిడ్డనే అడిగేది. పురిటి జ్వరంతో పలవరించినా, జ్వరమే లేకుండా మతి చెదిరినా, అన్నిటికీ ఒకటే పేరు, బాలింత సన్ని. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఇలా మతి చెదురుతుందని నేటి డాక్టర్లు చెబుతారు. ఫ్రాన్సులో మార్సే అనే వైద్యుడు 1858లోనే గర్భిణులకూ బాలింతలకూ వచ్చే మతి చాంచల్యం మీద పెద్ద గ్రంథమే రాశాడు. మన వీధుల్లో మాత్రం భూతవైద్యుడి వేపమండలే చాలాకాలం మందు.

మా వీధిలో ఒకావిడకు రెండో కాన్పులో ఇలాగే అయిందని మా అమ్మ చెప్పేది. ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చి, పసిగుడ్డును అమ్మమ్మ ఊరికి పంపేశారు. నెలల తర్వాత ఆవిడ నయమై వచ్చింది. చేతులు చాపితే బిడ్డ జడిసి అమ్మమ్మ చంక ఎక్కిందట. "రోగం కన్నా అదే నన్ను చంపింది అప్పా" అని ఆవిడ మా అమ్మతో ఎన్నిసార్లు అన్నదో!

మన జిల్లావాళ్లకు బ్రిటిషువారి నాటినుంచీ దిక్కు విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలే. 1912లో వచ్చిన చట్టానికి పేరే ఇండియన్ లూనసీ యాక్ట్. పేరు వింటేనే ఇంటి పరువు గుర్తొచ్చేది కాదూ! 1987 నాటి కొత్త చట్టం 1993లో అమలయ్యేదాకా అదే నడిచింది.

బిడ్డను కూడా చేర్చుకోవాలన్న ఆలోచన ఇంగ్లండులో 1948లో మొదలైంది. పసిబిడ్డను విడిచి రాలేనని ఒక తల్లి పట్టుబడితే, కాసెల్ ఆసుపత్రిలో డాక్టర్ టామ్ మెయిన్ ఇద్దర్నీ చేర్చుకున్నారు. మన దేశంలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో అమృత్‌సర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువుల్ని అక్కడే ఉండనిచ్చారు. మనవాళ్లు ఎందరో వెళ్లే వెల్లూరులోనూ రోగి పక్కన ఇంటివాళ్లు ఉండే పద్ధతి పెట్టారు. తల్లీబిడ్డల కోసమే వేరే వార్డు బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009లో తెరిచారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక మాట రాసిపెట్టింది. ఇది మీరు గుర్తుంచుకోవాలి. చికిత్సకు చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు ప్రమాదమని డాక్టరు అనుకుంటే కొద్దికాలం వేరు చేయవచ్చు గానీ, కనిపెట్టేవాళ్ల సమక్షంలో తల్లి చూసుకోనివ్వాలి. పదిహేను రోజులకోసారి ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించాలి. ముప్ఫై రోజులు దాటితే పై అధికార సంస్థ అనుమతి ఉండాలి.

ఇంటికొచ్చాక మన వంతు. రాత్రిపూట బిడ్డను అత్తగారో ఆడబిడ్డో ఎత్తుకుంటే తల్లి కంటినిండా నిద్రపోతుంది. ఈ జబ్బుకు నిద్రలేమి ఆజ్యం లాంటిది. పాలిస్తున్నదని మాత్రలు మనంతట మనమే మాన్పించకూడదు, డాక్టరును అడగాలి. బిడ్డకు ప్రమాదం తలపెట్టే మాటలు ఆమె నోట వస్తే ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

మా వీధి ఆవిడ బిడ్డకు ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నారు. ఆ పిల్ల పురుడు పోసుకున్నప్పుడు మొదటి నెలంతా పక్కన కూర్చుని రాత్రిళ్లు మేలుకున్నది ఈవిడే.