మధుమేహ మందులు, శరీర బరువు

మధుమేహ చికిత్సలో బరువు మార్పు అంటే టైప్‌ 2 మధుమేహానికి మందులు వాడే కాలంలో, వాటి ప్రభావంతో రోగి బరువు పెరగడం లేదా తగ్గడం.

చక్కెర అదుపు తప్పినప్పుడు గ్లూకోజు మూత్రంలో పోతుంది, దానితోపాటే కేలరీలూ పోతాయి. ఇన్సులిన్‌ మొదలుపెడితే ఆ నష్టం ఆగి ఒళ్లు వస్తుంది. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ప్రధాన ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్‌ అధ్యయనం దీన్ని కొలిచి చూపింది. పదేళ్లలో, ప్రధానంగా ఆహార నియమాలపై ఉన్నవారికన్నా ఇన్సులిన్‌ తీసుకున్నవారు సగటున 4 కిలోలు, గ్లిబెన్‌క్లమైడ్‌ వాడినవారు 1.7 కిలోలు ఎక్కువ పెరిగారు. పయోగ్లిటజోన్‌ కొవ్వుతోపాటు ఒంట్లో నీటినీ నిలుపుతుంది. అలా వచ్చే కాళ్ల వాపును ఒళ్లు రావడంగా కొట్టిపారేయడం ప్రమాదకరం, అది గుండె వైఫల్యానికి సూచన కావచ్చు.

మెట్‌ఫార్మిన్‌తో బరువు పెరగదు, కొందరిలో కొద్దిగా తగ్గుతుంది.

ఎంపాగ్లిఫ్లోజిన్‌ వంటి మాత్రలు గ్లూకోజును మూత్రంలోకి పంపి సాధారణంగా 2–3 కిలోలు తగ్గిస్తాయి. అసలు పెద్ద మార్పు ఆకలిని తగ్గించే వారపు ఇంజెక్షన్లతో వచ్చింది. 2021లో వెలువడిన సర్పాస్‌-2 పరీక్షలో 40 వారాలకు సెమాగ్లుటైడ్‌ 1 మి.గ్రా. మోతాదుతో సగటున 5.7 కిలోలు, టిర్జెపటైడ్‌ 15 మి.గ్రా. మోతాదుతో 11.2 కిలోలు తగ్గాయి. టిర్జెపటైడ్‌ 2025 మార్చిలో భారత మార్కెట్లోకి వచ్చింది. ఈ ఇంజెక్షన్లతో తగ్గే బరువులో కొంత కండ కూడా ఉంటుంది. మానేస్తే చాలామందిలో బరువు తిరిగి పెరుగుతుంది.