గౌతమి యావలి సంత

గౌతమీ వసిష్ఠలు ఇరుప్రక్కల పారుచుండగా దక్షిణమున సముద్రము హద్దైన కోనసీమలో, వంతెనలు లేని కాలమున, దూరపు బేరమునకు బయలుదేరుట యనగా ముందుగా రేవు చేరి పడవకొఱకు నిరీక్షించుటయే. దినవెచ్చములకు వారపు సంతలును, చీరలకు బండారులంక మగ్గములును, కొబ్బరి యమ్మకమునకు అంబాజీపేటయు ఉండనే యుండెను. ఐనను పరదేశపు సరకు కావలసినవారి చూపు గౌతమి యావలి యొడ్డుననున్న యానాముపైననే నిలుచుచుండెను.

1723లో ఫ్రెంచివారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. పలుమార్లు ఆంగ్లేయులు దాని నాక్రమించినను, 19వ శతాబ్ది తొలిపాదమున అది తిరిగి ఫ్రెంచివారికే దక్కి, 1954 వఱకు వారి యేలుబడిలో నుండెను. చుట్టుపట్టుల గ్రామములన్నియు చెన్నపట్టణపు దొరతనమునకు లోబడియుండగా ఈ చిన్నపురము మాత్రము పుదుచ్చేరి యాజ్ఞకు లోనై యుండుటచే, ఎదుర్లంక రేవు దాటినంతనే కోనసీమవానికి రాజ్యమును, చట్టమును, సుంకమును మాఱుచుండెను. మంగళవారపు సంతకు అంతటి ప్రసిద్ధి కలుగుట కిదియే మూలము. విదేశవస్తువులతోపాటు సుంకరుల కన్నుగప్పి వచ్చిన సరకును అచ్చట దొరకుచుండుటచే, చెన్నరాజధానిలోని తెలుగువారు తరలి వచ్చుచుండిరి.

జనులు యానామున కొనుక్కొన్నది వస్తువులను మాత్రమే కాదు. 1929 నాటి శారదా చట్టము బాల్యవివాహములను నిషేధింపగా, ఆ చట్టము చెల్లని యీ యూరికి పెండ్లివారు బిడ్డలతో, బంధువులతో తరలిపోవ మొదలిడిరి. కల్యాణపురమను పేరు దాని కట్లు వచ్చినది. సంతలో చౌకసరకు కొన్న గృహస్థును నేను తప్పుపట్టజాలను. ముక్కుపచ్చలారని పిల్లల మెడలో తాళి కట్టించుటకై సరిహద్దు దాటిన పెద్దలను తలచినప్పుడు మాత్రము నాకు మనస్సు కలఁగును. ఒక నేల చట్టము కాపాడదలచిన బిడ్డను ప్రక్కనేల చట్టము విడిచివేసిన విషాదమది.

1954లో ఫ్రెంచిపాలన ముగిసినను యానాము పుదుచ్చేరిలోనే నిలిచినది. 2002లో ఎదుర్లంకకును యానామునకును నడుమ లోకసభాపతిగా నుండిన బాలయోగి పేరిట వారధి వెలసి, పడవకై వేచియుండు బాధ తీఱినది. 2022 ఏప్రిల్ 4న అమలాపురము క్రొత్తజిల్లాకు కేంద్రమై, కోనసీమకు తనదైన రాజధాని యేర్పడినది. అయినను పన్నుల భేదము తొలగలేదు. పెట్రోలు వెల తక్కువయని ముమ్మిడివరము ప్రాంతపు వాహనములు నేటికిని ఆ వంతెన దాటి యానామునకే పోవుచున్నవి.