గ్రామదేవతలును విక్కామతమును

లాటిను భాషలో 'పాగుస్' అనఁగా పల్లెసీమ. 'పాగానుస్' అనఁగా పల్లెవాసి. క్రైస్తవము రోమక సామ్రాజ్య నగరములలో ప్రబలిన పిదప, పూర్వదేవతలను విడువనివారికి ఈ పదమే పేరయ్యెను. సైనికుఁడు కానివాఁడను అర్థమునుండి ఈ ప్రయోగము పుట్టెనని మఱికొందఱి మతము. ఎట్లైనను అది నిందార్థకమే. మన భాషలో 'గ్రామ్య' పదమునకును ఇట్టి గతియే పట్టినది. ఆలంకారికులకు గ్రామ్యము దోషము. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) లక్షణవిరుద్ధమగు భాషకు అది సంజ్ఞ. అయినను 'గ్రామదేవత' యనునప్పుడు నింద లేదు. భయమును భక్తియు కలవు. ఒకచోట నిందయై నశించినది మఱియొకచోట పూజయై నిలిచినది. ఈ భేదమే ప్రస్తుత విచారమునకు మూలము.

1921వ సంవత్సరమున మార్గరెట్ మఱ్ఱే యను ఆంగ్ల విదుషి, ఐరోపాలో మంత్రగత్తెలని దండింపఁబడినవారు క్రైస్తవమునకు పూర్వపు మత మొకదాని అనుయాయులని ఒక గ్రంథమున ప్రతిపాదించెను. 1951లో ఇంగ్లండున పాత మంత్రవిద్యాశాసనము రద్దయ్యెను. సింహళమునను మలయాలోను చిరకాలము ఉద్యోగించి స్వదేశము చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్, ఆ ప్రాచీనమతము ఇంకను రహస్యముగా జీవించియున్నదని 1954లో గ్రంథము ప్రకటించెను. ఇదియే నేఁటి విక్కామతమునకు ప్రస్థానము. మఱ్ఱే వాదమును చరిత్రకారులు త్రోసిపుచ్చిరి. రోనాల్డ్ హట్టన్ 1999లో వెలువరించిన గ్రంథమున ఈ మతము నవీనమనియు, దాని మూలములు పందొమ్మిదవ శతాబ్ది కావ్యములయందును, జానపద పరిశోధనలయందును, రహస్యసంఘములయందును ఉన్నవనియు నిరూపించెను. అయినను జనుల ఆదరము తగ్గలేదు. 2021 జనాభాలెక్కలలో ఇంగ్లండు, వేల్సు దేశములందు సుమారు 74,000 మంది తాము పేగనులమనియు, సుమారు 13,000 మంది విక్కామతస్థులమనియు వ్రాయించుకొనిరి.

ప్రమాణము శిథిలమైనను ఆకర్షణ నిలుచుటకు కారణమేమి? ఆ మతమున దేవుని సరసన దేవి కలదు. స్త్రీ పురోహితురాలై క్రతువు నడపును. అందఱును అంగీకరింపవలసిన ఏకగ్రంథము లేదు. అయనములు, విషువములు మొదలగు ఎనిమిది ఋతుసంధులయందు పండుగలు చేయుదురు. యంత్రయుగమున నేలతో సంబంధము తెగినవారికి మరల నేలతో చుట్టఱికము కలిగించుటయే దీని రహస్యమని నాకు తోఁచుచున్నది.

ఇఁక మన దేశమునకు వత్తము. మద్రాసు బిషప్పగు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశ గ్రామదేవతలనుగూర్చి 1916లో ప్రకటించిన గ్రంథమును 1921లో పెంచి మరల వెలువరించెను. మఱ్ఱే ఐరోపా పల్లెలలో పూర్వమతమును ఊహించిన యేఁటనే, మతాచార్యుఁ డొకఁడు తెలుఁగు పల్లెలలో ఊహ యక్కఱలేని మతమును వర్ణించుట వింతగదా! బోయినపల్లి, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల సీమల పల్లెలలో నేఁటికిని వేపచెట్టునీడను పోచమ్మ, చెఱువుకట్టపై మైసమ్మ, ఊరినడుమ బొడ్రాయి పూజలందుచున్నారు. క్రొత్తకుండలో వండిన బోనమునకు వేపమండలు కట్టి, పైని దీపముంచి స్త్రీలు తలపై మోసికొనిపోదురు. ఎల్లమ్మకథను బైండ్లవారు జమిడిక మ్రోఁగించి చెప్పుదురు. భాద్రపదామావాస్య మొదలు దుర్గాష్టమివఱకు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, పసుపుగౌరమ్మను నిలిపి, పాడి ఆడి, నీట విడుతురు. దేవి, ఋతువు, స్త్రీల యాధిపత్యము, గ్రంథములేని సంప్రదాయము: పాశ్చాత్యులు వెదకుకొను నాలుగును ఇచట అయత్నముగా నున్నవి. బోనాలను, బతుకమ్మను తెలంగాణ ప్రభుత్వము 2014లో రాష్ట్రపు పండుగలుగా ప్రకటించెను.

ఇంతమాత్రమున మఱ్ఱే చేసిన పొరపాటును మనము చేయరాదు. బోయినపల్లికి పొరుగుననున్న గంగాధర మండలమందలి కురిక్యాలలో, పదవ శతాబ్దిని పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు సంస్కృత కర్ణాటాంధ్రములందు శాసనము వ్రాయించి, చక్రేశ్వరీ విగ్రహమును చెక్కించెను. ఆ దేవికి కాలము చెప్పవచ్చును. పోచమ్మకు శాసనము లేదు. కాఁబట్టి ఆమె వేదములకన్న ప్రాచీనయని గాని, నిన్న మొన్నటిదని గాని శపథము చేయుటకు వీలులేదు. క్రీడాభిరామమున ఓరుగంటి ఏకవీరయు మైలారదేవుఁడును కనఁబడుదురు. అట్టి సాక్ష్యములను ఏర్చి కూర్చుట పండితకృత్యము. పూజ్యత ప్రాచీనతవలననే కలుగునను భ్రాంతిని విడువవలెను.

అనువాదకుల కొక మనవి. ప్రాచీనాంగ్లమున 'విచ్చ' యనఁగా మంత్రగాఁడు, 'విచ్చె' యనఁగా మంత్రగత్తె. మొదటిపదమే అక్షరములనుబట్టి నేఁడు 'విక్కా' యని పలుకఁబడుచున్నది. అచట ఆ పేరును కొందఱు గౌరవముగా ధరించుచున్నారు. ఇచట నట్లు కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణమున ఒక తండ్రియు, అతని యిద్దఱు కుమారులును చేతబడి చేయుదురను అనుమానముచే చంపఁబడిరి. బాణామతి, చేతబడి యనుమాటలు ఈ సీమలో ప్రాణములు తీయు మాటలు. కాఁబట్టి విక్కామతస్థులను 'మంత్రగత్తెలు' అని తెనిఁగించుట తగదు. పోచమ్మ పూజారిణిని ఆంగ్లమున 'విచ్' అనుట అంతకన్నను తగదు. దేవతాపూజ వేఱు, పొరుగువానిపై మోపిన అపవాదము వేఱు.

తుదకు ముఖ్యాంశము. గ్రామదేవత గ్రామమునకు దేవత. పొలిమేరయే ఆమె రాజ్యము. బోయినపల్లి మండలమున మానువాడకడ మానేటిపై కట్టిన మధ్య మానేరు జలాశయము 2019లో కాళేశ్వర జలములతో నిండినది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మున్నగు గ్రామములు దానికొఱకు ముంపునకు లోనైనవి. జనులు క్రొత్త కాలనీలకు తరలిరి. పొలిమేర నీటిపాలైనపుడు పొలిమేరదేవత యెచట నుండును? చెఱువే మునిఁగినపుడు కట్టమైసమ్మకు కట్ట యేది? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పఁగలవారు పాత యూరి వృద్ధస్త్రీలు, కథకులు. ఇంగ్లండువారు పల్లెను పోఁగొట్టుకొని, పిదప పుస్తకములనుండి దేవిని నిర్మించుకొనిరి. మనకింకను చెప్పువారు జీవించియున్నారు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ఆ వృద్ధుల మాటలను, ఏ దేవత ఏ చెట్టుక్రింద నుండెనో, ఎవరు పూజించిరో, ఏ తిథిని ఏమి పాడిరో, ఉన్నదున్నట్లు వ్రాయింతురుగాక! అది జరుగనిచో రాఁబోవు తరమువారును మన పోచమ్మను ఊహించుకొనవలసినవారే యగుదురు.