ఆటపెట్టెలు, వాని నకళ్లు



సెలవులకు ఇల్లు చేరిన కుమారులు అటకనుండి పాత ఆట క్యాసెట్లను దింపి, వీనిని ఆడించుటకు ఇప్పుడే పెట్టె కొనవలెనని తర్కించుకొనుట మీలో కొందరు చూచియే యుందురు. పాటల క్యాసెట్టువలె వీనిలో టేపుండదు. చిన్న పలకపై చిప్పులును, అడుగున లోహపు పళ్ల వరుసయు నుండును. ఆట యంతయు ఆ చిప్పులలోనే కలదు. పెట్టె పాడైనను క్యాసెట్టు తరచుగా బ్రతికియే యుండును. కావున చిక్కంతయు పెట్టెను గురించియే. దానిని విప్పుటకు కొంత చరిత్రము తెలియవలెను.

జపాను దేశమున క్యోటో నగరమందు, పూలబొమ్మల పేకముక్కలు చేయుటకై 1889లో వెలసిన సంస్థ నింటెండో. అది 1983 జూలై 15వ తేదీన ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అను ఆటపెట్టెను 14,800 యెన్ల వెలకు విడుదల చేసెను. దాని నిర్మాణమునకు నాయకుడు మసయుకి ఉయెమురా. 1985లో ఆ యంత్రమే వేషము మార్చుకొని అమెరికాకు పోయెను. జపాను క్యాసెట్టునకు 60 పళ్లు. అమెరికా క్యాసెట్టునకు 72. అంతేగాక, అమెరికా పెట్టెలో తాళము వంటి చిప్పొకటి చేర్చిరి. క్యాసెట్టులో దాని జోడు లేనిచో ఆట సాగదు. జపాను పెట్టెకు ఆ తాళము లేదు. తాళము లేని యింటిలోనికి ఎవరైనను చొరవచ్చును గదా! తైవాను, చైనాలలోని కర్మాగారములు 60 పళ్ల పెట్టెకే నకళ్లను విరివిగా చేసినవి.

అనుమతి లేని నకలు న్యాయమని నేననను. కాని అసలు చేరని దేశములలో నకలే అసలైనది. రష్యాలో 1992 డిసెంబరున స్టీప్లర్ అను సంస్థ, ఏనుగు బొమ్మ గుర్తుగా, ‘డెండీ’ యను నకలు పెట్టెను అమ్మసాగెను. రెండేండ్లకు, 1994లో, నింటెండోయే ఆ సంస్థతో తన క్రొత్త యంత్రము నమ్ముటకు ఒడంబడిక చేసికొనెను. చైనాలో ‘సుబోర్’ అను సంస్థ ఇట్టి పెట్టెకే మీటల పలక తగిలించి, చదువు యంత్రమని ప్రకటించెను. నటుడు జాకీ చాన్ దానికి ప్రచారకుడు. చదువు పేరు చెప్పి ఆటవస్తువును కొనిపించుకొనుట ఏ దేశపు బాలురకును నేర్పవలసిన విద్య కాదు. మన దేశమున ‘లిటిల్ మాస్టర్’ వంటివి వచ్చినవి. వాని క్యాసెట్లపై 9999 ఆటలని అచ్చువేసి, లోపల పట్టుమని పది ఆటలనే మరల మరల లెక్కించుట ఆ వర్తకుల గణితము!

ఇక ఎంపిక. పేటెంట్ల గడువు తీరిన పిమ్మట నకళ్లు బాహాటముగానే వచ్చినవి. చౌకవానిలో పాత యంత్రపు చిప్పులన్నిటిని ఒక్క చిప్పుగా కుదించి, నల్లని జిగురుబొట్టు క్రింద దాచుదురు. తాళపత్రమునకు ప్రతి వ్రాయు లేఖకుడు అక్షరములను తారుమారు చేసినట్లు, వీనిలో పెక్కింటియందు ధ్వని తీరులు రెండు ఒకదాని చోట నొకటి పడి, పాట గొంతు మారిపోవును. ‘క్యాసిల్‌వేనియా’ మూడవ భాగపు అమెరికా క్యాసెట్టు వంటివి అట్టి పెట్టెలలో తరచుగా ఆడనే యాడవు. 2014లో వచ్చిన ‘రెట్రాన్ 5’ మార్గము వేరు: అది క్యాసెట్టులోని దానిని తన జ్ఞాపకములోనికి ఎత్తి వ్రాసికొని, ఆ ప్రతిని ఆడించును. 2016 నాటి ‘ఏవీఎస్’, 2017 నాటి ‘ఎన్‌టీ మినీ’ యనునవి, లోపలి అమరికను కోరినట్లు కూర్చుకొనదగిన ఎఫ్‌పీజీఏ యను చిప్పుతో పాత యంత్రపు నడకనే మరల కట్టినవి. 60 పళ్లకును 72 పళ్లకును వానిలో చోటున్నది. ధర మాత్రము బరువు. నా మతమున క్యాసెట్టుపై మమకారము గలవారికి ఇవియే తగినవి. పసివారి కాలక్షేపమునకు చౌకది చాలును.

ఇందొక చిత్రము కలదు. జపాను టెలివిజను సెకనుకు 60 బొమ్మల లెక్కన నడచును. మన పాత టెలివిజను 50. మన పద్ధతికి చేసిన పెక్కు నకళ్లలో ఆట ఇంచుమించు ఆరవవంతు నెమ్మదిగా సాగెడిది. మీ కుమారుని చెవిలో నిలిచిన ‘మేరియో’ పాట ఆ నెమ్మది పాటయే. మూలమునకు విధేయమైన పెట్టెను తెచ్చి జపాను వేగమున పెట్టినచో, ఇది మా ఆట కాదు, పరుగెత్తుచున్నదని అతడనవచ్చును. పెట్టె చెడినదని తిరిగి ఇచ్చివేయబోకుడు. సెకనుకు 50 బొమ్మల పద్ధతియు నున్నదా యని కొనునపుడే అడుగుట మేలు.

మరి రెండు మాటలు. మన యిండ్లలోనివి చాలవరకు 60 పళ్లవే; 72 పళ్ల పెట్టె కొన్నచో నడుమ అతుకు కావలెను. తుపాకితో బాతులను కొట్టు ఆటకై మాత్రము క్రొత్త పెట్టె కొనవలదు. ఆ తుపాకి పాత గాజుబుడ్డి టెలివిజను వెలుగును మాత్రమే గుర్తుపట్టును; ఇప్పటి పలుచని తెరమీద ఒక్క బాతైనను పడదు. అంగడికి పోవునపుడు మీ క్యాసెట్టునే వెంట కొనిపోయి, పళ్లను పొడిగుడ్డతో తుడిచి, ఆడించి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.