పెన్న తీరాన విక్రమసింహపురి: నెల్లూరు నదీతీర దర్శనీయ స్థలాలు

నెల్లూరు: కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో జన్మించి, 597 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలిసే పెన్నానది ఒడ్డున వెలసిన ప్రాచీన నగరం నెల్లూరు. పూర్వం విక్రమసింహపురిగా ప్రసిద్ధి గాంచిన ఈ నగరం 2004లో నగరపాలక సంస్థగా రూపొందినది. అమరజీవి పొట్టి శ్రీరాములు స్మృత్యర్థం 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టడం జరిగింది.

తల్పగిరి రంగనాథుడు
నగరంలో పెన్న ఒడ్డున, రంగనాయకులపేటలో శ్రీ తల్పగిరి రంగనాథస్వామి ఆలయం కలదు. ఆదిశేషుడే స్వామికి తల్పమైన గిరిగా ఇక్కడ వెలసినాడని స్థలపురాణం. సుమారు 70 అడుగుల ఎత్తైన గాలిగోపురం, అద్దాల మండపం సందర్శకులను ఆకట్టుకొనును. ఏటా మార్చి, ఏప్రిల్ మాసాలలో బ్రహ్మోత్సవాలు వైభవంగా జరుగుతాయి.

మూలాపేటలోని మూలస్థానేశ్వరస్వామి ఆలయం మరొక ప్రాచీన క్షేత్రం. నెల్లి, అనగా ఉసిరిక చెట్టు క్రింద శివలింగం లభించినందున ఊరికి నెల్లూరు అను పేరు వచ్చినదని ఒక కథ. వరికి గల 'నెల్' అను పేరు నుండి వచ్చినదని మరికొందరి అభిప్రాయం.

తిక్కన సోమయాజి నేల
పదమూడవ శతాబ్దిలో తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఆస్థానాన్ని కవిబ్రహ్మ తిక్కన అలంకరించినాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల మహాభారతాన్ని తెనిగించి హరిహరనాథునికి అంకితమిచ్చిన ఆ మహాకవి పెన్న ఒడ్డునే రచన సాగించినాడని ప్రతీతి. మనుమసిద్ధి రాజ్యం కోల్పోయిన వేళ ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం కోరిన మంత్రి కూడా ఆయనే.

రొట్టెల పండుగ
దర్గామిట్టలోని స్వర్ణాల చెరువు వద్ద, బారా షహీద్ దర్గాలో ముహర్రం మాసాన జరిగే రొట్టెల పండుగ మతసామరస్యానికి ప్రతీక. పన్నెండుగురు అమరుల సమాధులు ఇక్కడ ఉన్నాయి. ఆరోగ్యం, విద్య, వివాహం, ఉద్యోగం, సంతానం వంటి కోర్కెలు గలవారు చెరువులో నిలిచి రొట్టె స్వీకరిస్తారు. కోర్కె నెరవేరినవారు మరుసటి ఏడు వచ్చి అదే పేరుతో రొట్టెను మరొకరికి అందిస్తారు. హిందువులు, ముస్లింలు కలిసి పాల్గొనే ఈ ఉత్సవాన్ని రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించినది. చాంద్రమానం ననుసరించి పండుగ తేదీ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగును. కావున వార్తలు, ఏర్పాట్ల విషయంలో ఆ సంవత్సరపు తేదీలను సరిచూచుకొనవలెను.

నగరానికి చేరువలో
పెన్న ఉత్తర తీరాన జొన్నవాడలో మల్లికార్జునస్వామి సమేత కామాక్షమ్మ ఆలయం, అక్కడికి ఎదురుగా నదికి ఇవతల నరసింహకొండపై వేదగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం కలవు. ఈ రెండూ ఒకే రోజున దర్శించదగినవి. ఇందుకూరుపేట మండలంలోని మైపాడు సముద్రతీరం నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత ప్రచురణలలో నెల్లూరు జిల్లా క్రింద చూపబడిన నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది.

నది నేర్పిన జాగ్రత్త
ఈ తీరానికి శోభ, భయం రెండూ పెన్నయే. 2021 నవంబరులో భారీ వర్షాలకు సోమశిల జలాశయం నుండి 5 లక్షల క్యూసెక్కులకు మించి నీరు విడుదల కాగా, నగరంలోని భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వంటి లోతట్టు ప్రాంతాలు ముంపునకు గురైనవి. పడుగుపాడు వద్ద రైలుమార్గం దెబ్బతిని, జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. పంతొమ్మిదవ శతాబ్దినాటి ఆనకట్టకు బదులుగా నిర్మించిన నెల్లూరు బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనది. సాగునీటితోపాటు కోవూరు వైపు రాకపోకలకు కూడా ఇది ఉపకరించును. అయినను తీరవాసుల గృహాలకు, ఆలయాలకు, ఘాట్లకు పొర్లుకట్టయే ప్రధాన రక్షణ. దానిని కాపాడుకొనుట అందరి బాధ్యత.

ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుండి డిసెంబరు వరకు సోమశిల నుండి నీటి విడుదల హెచ్చరికలు వెలువడినప్పుడు సందర్శకులు నదిలోకి దిగరాదు. ఆ హెచ్చరికలను సకాలంలో ప్రజలకు చేరవేయుటలో పాత్రికేయుల సహకారం ఎంతో విలువైనది. వర్షాలు తగ్గిన తరువాత, జనవరి నుండి మార్చి వరకు గల కాలం ఈ తీర దర్శనానికి అనుకూలం.