లేసు వెనుక చేతులు

హైటెక్ సిటీ దగ్గర శిల్పారామంలో లేసు గుడ్డ కనబడితే, బేరమాడేముందు నరసాపురాన్ని తలుచుకుందాం. 19వ శతాబ్దంలో గోదావరి సీమలో మిషనరీల దగ్గర మన పేద క్రైస్తవ స్త్రీలు ఈ అల్లిక నేర్చారు. తరువాత గడప దాటని ఇల్లాళ్లూ అందుకున్నారు. గంటల తరబడి అల్లినా దాన్ని 'తీరిక పని' అన్నారు. అందుకే కూలి తక్కువ, లాభం వ్యాపారులది. 1982లో మరియా మీస్ తన పుస్తకంలో చూపించింది ఇదే. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది సరే, కూలి సంగతో?

కొత్తగా నేర్చుకునే చెల్లెళ్లారా, గొలుసుకుట్టుతో మొదలుపెట్టి గ్లాసు కింద వేసే చిన్న గుండ్రటి అల్లిక ఒక్కటి పూర్తిచేయండి. పట్టిన గంటలు లెక్కపెట్టండి. దొర్కా చేతులను గౌరవించే మనకు, ఇక బేరమాడ నోరు రాదు.